అంటుకున్న ప్యాసింజరు

ఎడమ చేత్తో టైపు చేస్తున్నాను. ఒత్తులూ దీర్ఘాలూ అటూ ఇటూ అయితే సర్దుకోండి. కుడి చూపుడువేలికి కొబ్బరినూనె రాసి గుడ్డ చుట్టి ఉంది. మొన్న ఆదివారం బరంపురంలో జరిగిన దాని ఫలితం ఇది.

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ చుట్టుపక్కల రైలు బొమ్మల పిచ్చి ఉన్నవాళ్లం పదకొండు మందిమి ఉన్నాం. బొమ్మలంటే మాకు కోపం, మోడళ్లు అనాలి. ఇంట్లోవాళ్లు మాత్రం బొమ్మలనే అంటారు. ఏడాదికోసారి కలుసుకుని, ఎవరి రైలు వాళ్లు నడిపి, ఓట్లేసుకుని, 'ఈ ఏటి మేటి ప్యాసింజర్ రైలు'ని ఎన్నుకుంటాం. జర్మనీలో పత్రికలవాళ్లు పాఠకుల చేత ఓట్లేయించి ఏటా మంచి మోడళ్లని ఎంపిక చేస్తారని మా సెక్రటరీ గారు ఎక్కడో చదివారు. అప్పట్నించీ మాకు ఈ తద్దినం పట్టుకుంది. ఆయన ఆడిట్‌లో పనిచేసి రిటైరయ్యారు. పదకొండు మందికి పదమూడు నిబంధనలు రాశారు. తలకొకటి పంచుకున్నా ఇంకా రెండు మిగులుతాయి.

నేను తీసుకెళ్లింది మా ఊరి రైలు. గౌరచంద్ర గజపతి రాజావారు నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో నడిపించిన బుల్లి రైలు. 1931కల్లా గుణుపురం దాకా వెళ్లింది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే, అంటే 762 మిల్లీమీటర్లు. దాని వేగం ఎంతంటే, మధ్యలో దిగి చెట్టు కింద రెండు చింతకాయలు ఏరుకుని మళ్లీ అదే పెట్టె ఎక్కేవాళ్లమని మా నాన్న చెప్పేవారు. నాన్న మాటల్లో సగం తీసేసినా, కనీసం ఒక చింతకాయ నిజమే అయ్యుంటుంది. 2004లో దాన్ని ఆపేసి, పట్టాలు పీకి, బ్రాడ్‌గేజ్ వేశారు. 2011కి గుణుపురం దాకా పెద్ద రైలు వచ్చింది. మంచిదే. నేను మాత్రం ఎనిమిది నెలలు కూచుని ఆ చిన్నదాన్నే చేశాను. అసలు రైలుని 87తో భాగిస్తే వచ్చే సైజులో ఒక ఇంజనూ నాలుగు పెట్టెలూ. ప్లాస్టిక్ షీటు బ్లేడుతో కోసి గోడలు, ఫ్యూజు తీగతో కిటికీ ఊచలు. మూడో పెట్టెలో కిటికీ పక్కన మా నాయనమ్మ కూచుంటుంది. తల సగ్గుబియ్యం గింజంత, కొప్పు ఆవగింజంత.

ఇక్కడ గేజ్ సంగతి, అంటే పట్టాల మధ్య వెడల్పు సంగతి చెప్పకపోతే సెక్రటరీ గారి గొప్పతనం మీకు అర్థం కాదు. 762ని 87తో భాగిస్తే తొమ్మిదికి కాస్త తక్కువ వస్తుంది. కాబట్టి నా రైలుకి 9 మిల్లీమీటర్ల పట్టా కావాలి. నాలుగో నిబంధన ప్రకారం పోటీ పట్టా 16.5 మిల్లీమీటర్లు. దాని మీద పెడితే నా రైలు రెండు పట్టాల మధ్యన పడి దూడలా పడుకుంటుంది. ఈ ముక్క నెల ముందే ఫోన్ చేసి చెప్పాను. 

"అయితే గేజ్ మార్పిడి చేయించుకుని రండి" అన్నారు. నవ్వుతూనే అన్నారనుకోండి. మా ఊరివాళ్లతో ఆ మాట నవ్వుతూ అనకూడదు.

పోనీ ఆయన రైలైనా సవ్యంగా ఉందా? ఆయనది వందే భారత్. కొన్నదే, చేసింది కాదు. పదహారు పెట్టెలూ పెడితే నాలుగు మీటర్లు దాటుతుందని నాలుగు పెట్టెలతో సరిపెట్టారు. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19 పైన రావాలి. 16.5ని 87తో గుణించి చూడండి, 1435 వస్తుంది. అది ఐరోపా గేజ్. అంటే ఆయన వందే భారత్ ఇన్నాళ్లూ భువనేశ్వర్ వెళ్లట్లేదు, జర్మనీలో తిరుగుతోందన్నమాట. ఈ లెక్క ఆయన ఎదురుగా ఉన్నప్పుడు తట్టలేదు. తిరుగు బస్సులో, పలాస దాటాక తట్టింది.

ఇంకో గొడవ కూడా ఉంది. ప్యాసింజర్ అంటే ఏమిటి? మన వైపు ప్యాసింజర్ అంటే ప్రతి స్టేషన్లోనూ ఆగేది. చెట్టు కనిపించినా ఆగేది. వందే భారత్‌ని ప్యాసింజర్ అంటే పిల్లలు కూడా నవ్వుతారు. సెక్రటరీ గారు మాత్రం "ప్యాసింజర్లు ఎక్కుతారు కాబట్టి ప్యాసింజరే" అని తేల్చేశారు. ఆ లెక్కన ఆటో కూడా ప్యాసింజర్ రైలే.

సరే, చివరికి నన్ను ఆదుకున్నవాడు మా ఒడియా మిత్రుడు. అతని మోడళ్లు ఇంకా చిన్నవి, 160లో ఒక వంతు. ఆ సైజులో మామూలు రైలు పట్టా కూడా 9 మిల్లీమీటర్లే. "భాయినా, నా పట్టా వాడుకో" అన్నాడు. పట్టా ఒక్కటే కాదు, దాంతో పాటు ఊరు, గుడి, కొబ్బరిచెట్లు, సొరంగం ఉన్న థర్మోకోల్ కొండ కూడా తెస్తానన్నాడు. ఆ కొండ సంగతి అప్పుడే ఆలోచించాల్సింది.

పోటీ ఒక కల్యాణ మండపంలో, పై అంతస్తు భోజనాల హాల్లో. కింద ఎవరిదో నిశ్చితార్థం. నేనూ మేనల్లుడూ రైలుని చెప్పుల పెట్టెలో దూది మధ్య పెట్టుకుని బస్సులో వెళ్లాం. ఇచ్ఛాపురం దాటాక స్పీడ్ బ్రేకర్ మీద బస్సు గంతేసింది. హాల్లో పెట్టె తెరిస్తే మూడో పెట్టె వెనక చక్రాలు ఊడి దూదిలో ఉన్నాయి.

జేబులో సూపర్ గ్లూ ఉంది. ఒక చుక్క వేశాను, చక్రాలు అతుక్కున్నాయి. అక్కడితో ఆపితే ఈ వ్యాసమే ఉండేది కాదు. పైకప్పు మూల గోరంత లేచినట్టు అనిపించింది. అక్కడా ఒక చుక్క వేసి చూపుడువేలితో నొక్కిపెట్టాను. ఈ జిగురు ఎండకి ఆరదు, తేమ తగిలితే బిగుసుకుంటుంది. గోపాలపూర్ సముద్రపు గాలికి బరంపురం మొత్తం తడిబట్టలా ఉంటుంది. పైగా నా వేలికి టెన్షన్ చెమట. ఒకటి, రెండు అని లెక్కపెట్టి వేలు తీద్దామనుకున్నాను. పెట్టె కూడా వేలితో పాటే లేచింది.

"ఏడో నంబర్!" అని సెక్రటరీ గారి కేక.

మేనల్లుడు నా చెయ్యి చూసి, "అయ్యో, మావయ్య అంటుకుపోయాడు!" అని అరిచాడు.

తెలుగులో ఆ మాట అలా అరవకూడదు. మెట్ల దగ్గర వడ్డన కుర్రాడొకడు విన్నాడు. అతనికి వినపడింది అంటుకుపోవడం ఒక్కటే. నిమిషంలో బకెట్టుతో పరిగెత్తుకొచ్చాడు. కంగారులో తెచ్చింది మజ్జిగ బకెట్టు. పోయబోతుంటే నలుగురు పట్టుకుని ఆపారు. కరివేపాకు రెబ్బ ఒకటి నా చొక్కా మీద పడింది.

ఇక చర్చ మొదలైంది. ఆరో నిబంధన: రైలు పోటీదారుడి చెయ్యి తగలకుండా, మధ్యలో ఆగకుండా మూడు చుట్లు తిరగాలి. "చెయ్యి తగిలింది కదా" అని సెక్రటరీ గారు. "తగలడం వేరు, అంటుకోవడం వేరు" అని నేను. "నెడితే తప్పు. ఇతను నెట్టట్లేదు, రైలే ఇతన్ని లాగుతోంది" అని మా ఒడియా మిత్రుడు. అది సామానుతో సమానమని ఒకరు, వేలుకి బరువెంతని ఇంకొకరు. పావుగంట తర్వాత సెక్రటరీ గారు కాగితం మీద ఏదో రాసుకుని, "అభ్యంతరాలకు లోబడి అనుమతించడమైనది" అన్నారు. ఆడిట్ అలవాట్లు ఎక్కడికి పోతాయి!

మిత్రుడు అవతలి చివర కంట్రోలర్ తిప్పాడు. ఇంజను కదిలింది. మూడో పెట్టె కదిలింది. పెట్టెతో పాటు నేనూ కదిలాను.

బల్ల ఎత్తు నా తొడల దాకా ఉంటుంది. నడుం వంచి, కుడిచెయ్యి చాచి, ఒక వేలు రైలు మీద పెట్టి, అంగుళం అంగుళం పక్కకి జరుగుతూ నడవాలి. నేను లాగితే పట్టా తప్పుతుంది. వెనకబడితే చక్రాలు ఊడతాయి. పెళ్లిలో ఏడడుగులు కూడా ఇంత ఒద్దికగా నడవలేదు నేను. మొదటి మలుపు తిరిగాక ఊరొచ్చింది. ఆ ఊరి ఇళ్లు 160 లెక్కవి, నా రైలు 87 లెక్కది. పుట్టిన దగ్గర్నించీ అందరూ బుల్లి రైలు అన్న మా రైలు జీవితంలో మొదటిసారి పెద్దదైపోయింది. అయిదడుగుల మా నాయనమ్మ ఆ ఊరి కొలతలో తొమ్మిదడుగులు దాటుతుంది. ఇంటి కప్పుల మీదుగా ఊరంతా చూసుకుంటూ వెళ్లింది. ఆవిడకి తగిన వైభవమే అనిపించి, ఒక్క క్షణం వేలు సంగతి మర్చిపోయాను.

"భాయినా, పాహాడ! పాహాడ!" అని మిత్రుడు అరిచాడు.

కొండ! ఆ సొరంగం అతని రైళ్లకి చేసింది. నా ఇంజను పొగగొట్టమే అందులో పట్టదు, నా చెయ్యి సంగతి చెప్పక్కర్లేదు. నా వంతు వచ్చేసరికి కొండ తీసేద్దామనుకున్నాం, మజ్జిగ గొడవలో మర్చిపోయాం. రైలు ఆపితే ఆరో నిబంధన. మేనల్లుడు పక్కనే ఉన్నాడు గానీ వాడి రెండు చేతులూ వీడియోకే అంకితం. ఏంచేస్తాను, ఎడమచేత్తో కొండని నేనే ఎత్తాను.

ఎత్తాక దించడానికి చోటు లేదు. బల్ల నిండా ఊరే. పైగా వచ్చే చుట్టుకి మళ్లీ ఎత్తాలి. కాబట్టి కుడివేలితో రైలు, ఎడమ అరచేతిలో కొండ, అలాగే నడిచాను. గోవర్ధనం ఎత్తిన కృష్ణుడు మీకు గుర్తొచ్చి ఉంటాడు. నిశ్చితార్థం నుంచి పైకొచ్చిన వాళ్లకీ గుర్తొచ్చాడు, ఒకావిడ చెంపలు కూడా వేసుకుంది. కానీ కృష్ణుడికి నడిచే పని లేదు. ఆయన వేలికి ఏదీ అతుక్కోలేదు. కొండ మీది గుడి ఆయన నెత్తిన పడలేదు. నా నెత్తిన పడింది. వెనకే రెండు చెట్లు రాలి చొక్కా కాలర్లోకి దిగాయి.

రెండో చుట్టు పూర్తయింది. మూడోది సగం దాటింది. అప్పుడు చేతులు కడుక్కోవడానికి వచ్చిన ఒక ముసలమ్మ బల్ల దగ్గర ఆగింది. తడిచేతులు చీరకి తుడుచుకుంటూ వంగి చూసింది. హాల్లో అంతమంది నన్ను చూస్తుంటే, ఆవిడ ఒక్కతే రైలుని చూసింది.

"ఇది మా కాశీనగరం రైలే కదా నాయినా?" అంది.

గొంతులో ఏదో అడ్డుపడింది. తలూపాను. కొండ మీది ఇంకో చెట్టు రాలింది.

"టెక్కలిలో ఆగుతాదా?"

పెద్దావిడ అడిగితే బదులు చెప్పకుండా ఎలా ఉంటాం? "ఆగుతుందమ్మా" అన్నాను, కొంచెం గట్టిగానే.

మా ఒడియా మిత్రుడికి తెలుగు బాగానే వచ్చు, సగం వాక్యం దాకా. 'ఆగు' అని వినపడగానే టక్కున కంట్రోలర్ తిప్పేశాడు. రైలు ఆగింది. నేను ఆగలేదు. పెట్టె పట్టా తప్పింది. నాయనమ్మ కిటికీలోంచి వెల్లకిలా ఆకాశం చూసింది.

సెక్రటరీ గారు వాచీ చూసి రాసుకున్నారు: "రెండున్నర చుట్లు. మధ్యలో ఆగినది." ప్యాసింజర్ అన్నాక టెక్కలిలో ఆగదా అని అడిగాను. కొండ నెత్తి మీద పెట్టుకుని వాదిస్తే ఎవరూ వినరు.

వందే భారత్ గెలిచింది. ఆరు ఓట్లు.

ఇంటికొచ్చేసరికి రాత్రి పదయింది. తలుపు తీసిన మా ఆవిడ, "ఏవండీ, బొమ్మ వదిలిపెట్టి లోపలికి రండి" అంది. వదిలిపెట్టడం కుదరదని చూపించాను. నెయిల్ పాలిష్ తీసే సీసా తెచ్చింది. అందులో ఉండే ఎసిటోన్ ఈ జిగురుని కరిగిస్తుంది, నిజమే. నా పెట్టె గోడల ప్లాస్టిక్‌ని కూడా కరిగిస్తుంది. వేలు కావాలా, పెట్టె కావాలా అని అడిగింది. లోపల నాయనమ్మ ఉందని చెప్పాను. నా ముఖం కేసి చాలాసేపు చూసి, గోరువెచ్చని సబ్బునీళ్లు పెట్టి వెళ్లి పడుకుంది. గంటన్నర నానబెట్టాక ఊడింది. పైకప్పు రంగు నా వేలికి, నా వేలి చర్మం కాస్త పైకప్పుకి, చెరిసగం.

ఇవాళ పొద్దున్నే సెక్రటరీ గారి మెసేజ్ వచ్చింది. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు, మూడు భాషల్లోనూ. కొత్తగా పద్నాలుగో నిబంధన చేర్చారట: "పోటీదారుడి శరీర భాగములేవియు రైలునకు అంటియుండరాదు." కింద గీత కూడా గీశారు.

రెండుసార్లు చదివాను. కొండల ఎత్తు గురించి అందులో ఒక్క ముక్క లేదు.