నిజం చెప్పినవాడికే జరిమానా

"ఇంట్లో ఒకరికి జ్వరంగా ఉంది, చెన్నైలో విహార ఓడ (క్రూయిజ్) ఎక్కాలా వద్దా?" ఈ వారం మా ఆఫీసుకు వచ్చిన ఫోన్లలో పదేపదే వినిపించిన ప్రశ్న ఇది. ఫ్లూ ఎలా ఉందో పాఠకులకు మేము చెప్పక్కర్లేదు. ఇంటికొకరు దగ్గుతున్నారు. నెల్లూరు పెద్దాసుపత్రిలో, ఒంగోలులో ఓపీ చీటీల దగ్గర లైను చూసినా చాలు. అయినా ట్రంకు రోడ్డులో, దర్గామిట్టలో టూర్ ఏజెంట్ల కొట్ల ముందు ఓడ బొమ్మ ఫ్లెక్సీలు అలాగే ఉన్నాయి. బుకింగులూ సాగుతున్నాయి.

ఎక్కాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాల్సిన మాట. మన దగ్గర ఆ మాట చెబుతున్నది రశీదు.

ఒంగోలు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు అలాంటి రశీదు తెచ్చి మా బల్ల మీద పెట్టారు. గులాబీ రంగు కాగితం. ముందువైపు అయిదుగురి పేర్లు, కట్టిన మొత్తం, ఏజెంటు సంతకం. వెనక్కి తిప్పితే నూకగింజంత అక్షరాల్లో షరతులు. జ్వరం, దగ్గు ఉన్నవారు ముందే తెలియజేయాలి, వారిని ఎక్కనివ్వకపోవచ్చు అని ఒకచోట ఉంది. ఇంకాస్త కిందకి దిగితే, బయలుదేరే తేదీకి పదిహేను రోజుల లోపు మానుకుంటే పైసా వాపసు రాదని ఉంది. ఈ రెండూ కలిపి చదవండి. జ్వరం ఉందని చెబితే ఓడా లేదు, డబ్బూ లేదు. చెప్పకపోతే రెండూ ఉన్నాయి.

మాస్టారి మనవడికి ప్రయాణానికి రెండు రోజుల ముందు జ్వరం తగిలింది. ఆయన ఏజెంటుకి ఫోన్ చేశారు. "ఏం కాదు సార్, సిరప్ పట్టించి తీసుకురండి, గేటు దగ్గర మెషీన్‌కి దొరకదు" అన్నది జవాబు. ఆయనకి మనసొప్పలేదు. కుటుంబం మొత్తం మానుకుంది, మొత్తం సొమ్మూ పోయింది. సిరప్ పట్టించి ఎక్కించేవాళ్లకు మాత్రం రూపాయి నష్టం లేదు. నిజం చెప్పినవాడికే జరిమానా వేసే ఈ పద్ధతే మా కోపానికి కారణం.

పారాసిటమాల్ ఒంటి వేడిని దించుతుంది. వైరస్‌ను ఆపదు. ఫ్లూ సోకాక లక్షణాలు బయటపడటానికి ఒకటి నుంచి నాలుగు రోజులు, సగటున రెండు రోజులు పడుతుంది. లక్షణాలు కనిపించడానికి ఒక రోజు ముందు నుంచే అది పక్కవాళ్లకు అంటుకోవడం మొదలుపెడుతుంది. ఓడలో ఏమవుతుందో ఇక ఊహించుకోవచ్చు. బఫేలో ఒకే గరిటెను వందలమంది పట్టుకుంటారు. లిఫ్టు బటన్ కూడా అంతే. రాత్రి షో హాల్లో పక్కపక్కనే కూర్చుంటారు. బస్సు అయితే కావలిలో దిగిపోవచ్చు. సముద్రం మధ్యలో ఎక్కడ దిగుతారు? మొదటి రాత్రి భోజనాల దగ్గర అంటించుకున్న మనిషి మూడో రోజు పినాకిని రైలు ఎక్కి ఇంటికొస్తాడు, సుగరున్న తల్లి పక్కన కూర్చుని దగ్గుతాడు. అరవై అయిదు దాటినవాళ్లు, గర్భిణులు, ఆస్తమా, సుగరు ఉన్నవాళ్లు, అయిదేళ్లలోపు పిల్లలు ఈ జబ్బుతో ఎక్కువ దెబ్బతింటారు. రేపు ప్రయాణం అనగా ఈ రోజు వేయించుకున్న టీకా కూడా అక్కరకు రాదు, పనిచేయడానికి దానికి రెండు వారాలు కావాలి.

2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా రేవులో నిలిచిపోయిన డైమండ్ ప్రిన్సెస్ అనే విహార ఓడను ఎవరూ మరచిపోలేదు. అది ఫ్లూ కాదు, కోవిడ్. కానీ మూసిన ఓడలో శ్వాసకోశ వైరస్ ఏం చేస్తుందో అది చూపించింది. 3,711 మంది ఉన్న ఓడలో 700 మందికి పైగా సోకింది. ఆ ఓడలో ఉన్న మన దేశస్థులు మొత్తం 138 మంది. వాళ్లలో 132 మంది సిబ్బందే. విహారానికి వెళ్లినవాళ్లు ఆరుగురే. క్యాబిన్లలో కూర్చున్న ప్రయాణికులకు భోజనం పళ్లేలు మోసినవాళ్లు, ఇతరులతో గది పంచుకుని పడుకున్నవాళ్లు ఈ సిబ్బంది. మనం దాచుకుని తీసుకెళ్లే జ్వరం ముందుగా తగిలేది అలాంటి కుర్రాళ్లకే. అదే ఏడాది మార్చి 19న సిడ్నీలో రూబీ ప్రిన్సెస్ నుంచి పరీక్షల ఫలితాలు రాకముందే 2,600 మందికి పైగా దిగిపోనిచ్చారు. ఆ ఓడతో ముడిపడిన మరణాలు 28.

ఏజెంట్లకూ బతుకుతెరువు ఉంది, ముందుగా కంపెనీకి కట్టేసిన సొమ్ము వాళ్ల చేతుల్లో ఉండదు, ఓడలో డాక్టరూ ఉంటాడు అని వాదించేవాళ్లున్నారు. ఒప్పుకుంటాం. అయితే దాచమని సలహా ఇవ్వడం బతుకుతెరువు కాదు.

ఇవాళ ఓడకు చెల్లిన పద్ధతి రేపు స్లీపర్ బస్సుకూ, యాత్రల టూరుకూ, పెళ్లి బృందాల ప్యాకేజీకీ వస్తుంది. సిరప్ పట్టించి గేటు దాటించడం ఒకసారి అలవాటైతే మళ్లీ మాన్పించడం ఎవరి తరం? రాష్ట్రంలో తొలి కోవిడ్ కేసు 2020 మార్చి 12న బయటపడింది మన నెల్లూరులోనే. ఆ టెన్షన్ రోజుల్లో అధికారులూ పత్రికలూ ఇరుగుపొరుగూ అందరూ ఒకే మాట అన్నారు: ఎక్కడి నుంచి వచ్చారో చెప్పండి, జ్వరం ఉంటే దాచకండి. అప్పుడు చెప్పమని బతిమాలిన సమాజమే ఇప్పుడు చెప్పినవాడి జేబు కొడుతుంటే చూస్తూ ఊరుకుంటోంది. ఇది రెండు నాల్కల ధోరణి. మేమూ ఈ సమాజంలోవాళ్లమే, ఇన్నాళ్లూ రశీదు వెనక్కి తిప్పి చూడని తప్పు మాదీ ఉంది.

వేరే దారి లేదనడం అబద్ధం. 2020 మార్చిలో పెద్ద క్రూయిజ్ కంపెనీలే బయలుదేరడానికి రెండు రోజుల ముందు వరకూ మానుకోవచ్చని, ఆ సొమ్మును తర్వాతి ప్రయాణానికి వాడుకోవచ్చని ప్రకటించాయి. లాక్‌డౌన్‌లో ప్రయాణానికి లాక్‌డౌన్‌లోనే కొన్న విమాన టికెట్ల డబ్బు పూర్తిగా తిరిగి ఇవ్వాలని అదే ఏడాది అక్టోబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయమైన ఒప్పందం అంటే ఏమిటో నిర్వచించి, అలాంటి షరతులు చెల్లవని ప్రకటించే అధికారాన్ని రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు ఇచ్చింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. చేయండి. మాస్టారు కూడా చేయాలి.

జిల్లా అధికారులు ఈ కొట్లకు ఒకసారి వెళ్లి రశీదులు తిప్పి చూడాలి. డాక్టరు చీటీ తెచ్చినవాడికి తేదీ మార్చి ఇవ్వాలని, లేదా డబ్బు వాపసు ఇవ్వాలని రాతపూర్వకంగా చెప్పించాలి. ఫ్లూ తగ్గేదాకా ముసలివాళ్లు, పసిపిల్లలు ఉన్న కుటుంబాలు ఓడ మాటే ఎత్తకుండా ఉంటే మంచిదని మా సలహా. ఒంట్లో జ్వరం పెట్టుకుని ఎక్కాలనుకునేవాళ్లకు సలహా కాదు, సూటిగా చెబుతున్నాం: ఎక్కొద్దు. మీరు మింగే మాత్ర పక్క బల్ల దగ్గర పెరుగన్నం తింటున్న పెద్దాయనకు పనిచేయదు.

ఏజెంట్లకు చివరిగా ఒక్క మాట. జ్వరం వస్తే తేదీ మార్చి ఇస్తాం అని రశీదు మీద వేయడానికి ఒక రబ్బరు స్టాంపు చాలు. ట్రంకు రోడ్డులో గంటలో చేసిస్తారు. రేపు కొట్టు తెరిచేలోగా చేయించండి.