కాగితం ప్రకారం నేను లేను

ల్యాబ్ టెక్నాలజీ డిగ్రీలో చేరేవాళ్ళు సీట్లు, ఫీజులు, సిలబస్ అన్నీ విచారించుకుంటారు గానీ, తమ మోచేతి మడతలో నరం ఎంత లావుగా ఉందో ఒక్కరూ చూసుకోరు. ముందుగా చూసుకోవలసింది అదే. నరం పైకి తేలి కనిపించేవాడిని ఆ తరగతిలో విద్యార్థిగా ఎవరూ లెక్కించరు, ల్యాబు సామగ్రిలో జమ కట్టేస్తారు. నా నరాలు గది అవతలి మూల నుంచి కూడా కనిపిస్తాయి. పరీక్షల ముందు నోట్సు అడిగితే మొహం చాటేసేవాళ్ళు సైతం రక్తం తీసే ప్రాక్టికల్ రోజున దగ్గరకు వచ్చి "నీళ్ళు బాగా తాగావా?" అని కుశలం అడుగుతారు. ఒంట్లో నీళ్ళుంటే నరం ఇంకా సులువుగా దొరుకుతుందని వాళ్ళకు తెలుసు.

అలాంటి ఒక బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్‌లో నా చేయి ఒక మిత్రుడి వంతుకు వచ్చింది. ఇతడి వేళ్ళు ఎప్పుడు చూసినా ఊదారంగులోనే ఉంటాయి. హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో బ్యాక్టీరియాకు వేయమని రంగు పద్ధతి చెబితే, ఇతడు దాన్ని ముందు తనకు వేసుకుని, మిగిలితే స్లైడుకు వేస్తాడు. మనిషి మాత్రం చాలా మంచివాడు. జరిగిందంతా ఆ మంచితనం వల్లనే.

పైన పట్టీ బిగించాడు. పిడికిలి మూయమన్నాడు, తెరవమన్నాడు, మళ్ళీ మూయమన్నాడు. నేను తల గోడవైపు తిప్పుకున్నాను. రక్తం చూస్తే నాకేమీ కాదు, సూది చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. ఈ చదువుకు ఇలాంటివాడు ఎందుకు వచ్చాడని అడగకండి, మా ఇంట్లో ఇప్పటికే అడిగారు. వెనక నుంచి "అయ్యో" అని ఒకసారి, "పరవాలేదు" అని ఒకసారి వినిపించింది. సూది చేతిలో ఉన్నవాడి నోట ఈ రెండు మాటలూ అదే వరుసలో రావడం మంచి శకునం కాదు. తరవాత దూది పెట్టి గట్టిగా అదమమన్నాడు. నేను ఇటు తిరిగేసరికి ఎర్ర మూత ట్యూబు, ఊదా మూత ట్యూబు రెండూ బుద్ధిగా స్టాండులో నిలబడి ఉన్నాయి.

ఎర్ర మూత ట్యూబులో రక్తం సుమారు అరగంటలో గడ్డ కట్టాలి. అది గడ్డ కట్టాకే సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో గిర్రున తిప్పి, పైకి తేలిన పసుపు ద్రవాన్ని, అంటే సీరమ్‌ను, తీసుకుంటాం. పక్కవాళ్ళ ట్యూబులు వంచితే కదలకుండా గడ్డలు కట్టి కూర్చున్నాయి. నాది మాత్రం ఎటు వంచితే అటు పారుతోంది.

"నీ రక్తం బాగా పలచనరా" అన్నాడు మిత్రుడు, నా భుజం మీద చేయి వేసి.

ఇంకాసేపు చూశాడు. రక్తానికి గడ్డ కట్టే ఉద్దేశం లేదని తేలాక, కట్టినట్టే భావించి సెంట్రిఫ్యూజ్‌లో పెట్టేశాడు. పైకి తేలిన ద్రవం చక్కటి పసుపు రంగులో ఉంది. దాన్ని కొలిచి అంకెలు చెప్పే ఎనలైజర్ యంత్రానికి అందించాం. అందరి కాగితాలూ వచ్చాయి. నాది వచ్చాక గదిలో మాటలు ఆగిపోయాయి.

పొటాషియం 14. కాల్షియం 1.2.

వైద్యం తెలియనివారి కోసం చెబుతాను. పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ దాకా ఉండాలి. 6.5 దాటితేనే గుండె లయ తప్పుతుందేమోనని డాక్టర్లు పరుగులు పెడతారు. కాల్షియం డెసిలీటరుకు 8.5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. అంటే కాగితం ప్రకారం నేను పోయాను, అదీ చాలాసేపటి క్రితమే. మనిషినేమో దూది అదుముకుంటూ, పొటాషియాన్ని బయటకు పంపే మూత్రపిండాలు ఎన్ని ఉంటాయో లెక్క సరిచూసుకుంటూ అక్కడే నిలబడి ఉన్నాను.

ముందు వరుసలో కూర్చునే ఒకాయన నా నాడి పట్టుకుని చూశాడు. దొరికింది. అయినా అతడి చూపు కాగితం మీదే ఉంది.

అప్పుడు మిత్రుడికి పాఠం గుర్తొచ్చింది. ప్రాణం మీదకు తెచ్చే అంకె కనిపిస్తే ల్యాబువాళ్ళు ఆలస్యం చేయకుండా కబురు అందించాలి. 1972లో లండ్‌బర్గ్ అనే పెథాలజిస్టు ఈ ఆలోచనను ముందుకు తెచ్చాడని, ఇప్పుడు ల్యాబులన్నీ పాటిస్తాయని అంతకుముందే మాకు చెప్పి ఉన్నారు. మిత్రుడు ఫోను తీశాడు. నా జేబులో ఫోను మోగింది.

"ల్యాబు నుంచి మాట్లాడుతున్నాం. మీ పొటాషియం 14. వెంటనే ఆసుపత్రిలో చేరండి."

"ఒరేయ్, నీ పక్కనే ఉన్నాను కదరా!"

"నిబంధన ప్రకారం విన్న అంకెను తిరిగి చదివి వినిపించాలండీ."

తిరిగి చదివాను. సొంత చావు వార్తకు రసీదు ఇచ్చే అవకాశం ఎందరికి వస్తుంది? అతడు చెప్పినవారి పేరు, విన్నవారి పేరు, సమయం రాసుకుని, ఫోను పెట్టేసి, అప్పుడు నా వైపు తిరిగి "నీకు ఫోను చేశానురా" అన్నాడు.

ఇక రోగనిర్ణయాలు మొదలయ్యాయి. "పిడికిలి మూసి తెరిచాడు కదా, అందుకే పొటాషియం పెరిగింది" అన్నారు ఒకరు. నిజమే, పెరుగుతుంది. కానీ ఎంత బిగించినా ఒకటో రెండో పెరుగుతుంది గానీ, శ్మశానం దాకా పోదు. "ఎర్రకణాలు పగిలి ఉంటాయి" అన్నారు మరొకరు. పగిలితే సీరమ్ ఎర్రబారాలి, ఇది పసుపుగా ఉంది. పైగా కాల్షియం ఎక్కడికి పోయినట్టు? మూడో ఆవిడ ఏమీ అనకుండా నా బ్యాగు తెచ్చి కుర్చీ పక్కన పెట్టింది, ఇంటివాళ్ళకు అప్పగించడానికి వీలుగా.

మేడం వచ్చారు. కాగితం చూశారు. నన్ను చూడలేదు. "ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా అడుగంటిందా?" అన్నారు. అది రక్తంలో కొలిచే ఒక ఎంజైము. అడుగంటింది. "ట్యూబు గడ్డ కట్టిందా?" కట్టలేదు. మేడం కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, చాలా మర్యాదగా, "ఊదా మూత ఎవరు తీశారు?" అని అడిగారు.

ఊదారంగు వేళ్ళు ఒక్కటొక్కటిగా పైకి లేచాయి.

అతడు ఎర్ర ట్యూబు ముందు నింపాలన్న వరుస మరచిపోయి ఊదా ట్యూబు ముందు నింపాడు. ఎర్రదానికి మార్చేసరికి సూది నరంలోంచి జారింది. అడుగున కాస్త రక్తమే పడింది. నన్ను రెండోసారి గుచ్చడానికి మనసు రాక, రెండు మూతలూ తీసి, ఇందులోది అందులోకి ఒంపాడు. ఊదా మూత ట్యూబులో ఉండేది ఈడీటీఏ అనే రసాయనం, అదీ పొటాషియం లవణం రూపంలో. అది కాల్షియాన్ని ఒడిసి పట్టుకుంటుంది, కాల్షియం లేనిదే రక్తం గడ్డ కట్టదు. ఆ ఫాస్ఫటేజ్‌కు కావలసిన జింకును, మెగ్నీషియాన్ని కూడా అదే పట్టేస్తుంది. వచ్చేటప్పుడు తన పొటాషియాన్ని మాత్రం ధారాళంగా ఇచ్చేస్తుంది. నా మూత్రపిండాలకు దీనితో ఏ సంబంధమూ లేదు.

"నొప్పి పుడుతుందని అలా చేశాను మేడం" అన్నాడు మిత్రుడు.

"సరే, ఇప్పుడు రెండో చేయి" అన్నారు మేడం.

నేను మళ్ళీ గోడవైపు తిరిగాను. ఈసారి "అయ్యో" రాలేదు. ఎర్రది ముందు, ఊదాది తరవాత. అరగంటలో గడ్డ కట్టింది. పొటాషియం 4.2 వచ్చింది. తరగతిలో కొందరి మొహాల్లో కొంత నిరాశ కనిపించిందని నా అనుమానం.

నమూనాలు తిరస్కరించినప్పుడు రాసే రిజిస్టరు ఒకటుంటుంది. మిత్రుడు శ్రద్ధగా గీతలు గీసి, తిరస్కరణకు కారణం అన్నచోట "రోగి బతికే ఉన్నాడు" అని రాశాడు. మేడం దాన్ని కొట్టేయించి "ఈడీటీఏ కలిసింది" అని రాయించారు. తీసుకున్న చర్య అన్న గడిని అతడికే వదిలేశారు. అక్కడ అతడు "రోగికి ఫోన్లో తెలియజేశాం" అని రాసి, కింద నా చేత సంతకం పెట్టించుకున్నాడు.