కాలిబాట మీద కూడా బైకులేనా?

మా తమ్ముడు స్వీడన్ ఉత్తరాన ఒక చిన్న ఊళ్లో ఉంటాడు. చలికాలంలో అక్కడి అడవి దారుల్లో స్కీయింగ్ కోసం మంచు మీద మెషిన్‌తో రెండు చాళ్లు తీసి పెడతారు, మడిలో సాలు తీసినట్టు. నడిచేవాళ్లు వాటిలో కాలు పెట్టకుండా పక్కనుంచి పోతారట. ఒక్క బూటు దిగబడినా ఆ చాలు చెదిరిపోతుంది, వెనక వచ్చేవాళ్లు తడబడతారు. 1922 నుంచి 90 కిలోమీటర్ల వాసాలోపెట్ స్కీ పందెం జరుపుకుంటున్న దేశం మరి.

మా కడప పక్కన పాలకొండల కాలిబాట చూస్తే కడుపు మండుతుంది. ఆదివారం తెల్లారేసరికి బైకులు, చెవులు చిల్లులు పడే సైలెన్సర్లు. వానకు మెత్తబడిన మట్టిలో చక్రాలు జానెడు లోతు గుంతలు చేస్తాయి. ఎండితే అవి రాయిలా గట్టిపడి చీలమండలు మడత పడుతున్నాయి. ఎర్రచందనం సహజంగా పెరిగే అడవులు లోకంలో ఎన్నున్నాయని?

"బండి కిందే పెట్టి నడిచి రండి నాయనా" అంది అమ్మ మొన్న.

"నీకేం అడ్డమొచ్చినాం పెద్దమ్మా?" అన్నాడొకడు, బండి ఆపకుండానే.

నాలుగడుగులు వేసిందో లేదో, పగిలిన బీరు సీసా పెంకు అమ్మ చెప్పులోంచి దిగింది. నేనే లాగాను. అరవై ఏళ్ల మనిషి, ఆ రాళ్ల మీద కూర్చుని మడమ పట్టుకుని ఏడ్చింది.