గుడ్డునీళ్లా, కంచెనా?

(చిక్కుడు మడి, దాని పక్కన ఏడాది వయసు పండ్ల మొక్కలు. రాత్రుళ్లు జింకలు మేసి పోతున్నాయి. బాబాయ్‌ది ఇంటి మందుల పక్షం, శారదది కంచె పక్షం.)

బాబాయ్: తోట చుట్టూ జైలుగోడలా కంచె ఎందుకమ్మా? రెండు వరుసలు వెల్లుల్లి, బంతి వెయ్యి. ఆ ఘాటుకి జింక ఇటు తిరిగైనా చూడదు.

శారద: ఆకలేస్తే బంతిని కూడా మేస్తుంది బాబాయ్. వెల్లుల్లి జోలికి పెద్దగా పోదు, నిజమే. అయితే తనకి గిట్టని మొక్కని దాటకూడదని దానికేమన్నా ఒట్టా? వెల్లుల్లి వరుసలో కాళ్లు పెట్టి చిక్కుడు మీద మూతి పెడుతుంది.

బాబాయ్: మరి గన్నేరు? రోజ్‌మేరీ? పుదీనా?

శారద: వాటి ప్రాణం అవి కాపాడుకుంటాయి. విషం ఉన్నవి, ఘాటు నూనెలు ఉన్నవి, ఆకు మీద నూగు ఉన్నవి జింక ఆఖరికి గానీ ముట్టుకోదు. అంచున ఏదో ఒకటి నాటాలనుకుంటే అలాంటివి నాటు, నష్టపోవు. పక్క మొక్కకి మాత్రం అవి కాపలా కాయవు. పైగా గన్నేరు ఆకు నుంచి కొమ్మ దాకా విషమే. కూరగాయల మడి పక్కన పెట్టమంటావా?

బాబాయ్: సరే, మొక్కల మాట వదిలెయ్. గుడ్డునీళ్లకి ఏమంటావ్? జింకల్ని దూరం పెట్టడానికి సీసాల్లో అమ్మే మందులు చాలావాటిలో అసలు సరుకు కుళ్లిన గుడ్డే. పనిచేయనిదే ఎవరు కొంటారు?

శారద: గుడ్డు పనిచేస్తుంది, కాదనను. ఇంటి మందుల్లో నేను నమ్మేది అదొక్కటే. కానీ నువ్వు చేసినట్టు కాదు. బకెట్ నీళ్లలో ఒక గుడ్డు కొట్టి చల్లితే అది మందు కాదు, కడుగునీళ్లు. గుడ్డు ఒక వంతైతే నీళ్లు నాలుగు వంతులు, అంతే. పచ్చసొనకి అటూ ఇటూ తెల్లటి తాడులాంటిది ఉంటుంది చూడు, అది తీసెయ్యాలి. బాగా గిలక్కొట్టి పల్చటి గుడ్డలో వడగట్టాలి. లేకపోతే పంపు నాజిల్ మూసుకుపోయి, విప్పి కడుగుతూ కూర్చోవాలి. ఆకు తడిగా ఉన్నప్పుడు కొడితే అంటదు, ఎండిన ఆకు మీదే కొట్టాలి. నెలకోసారి మళ్లీ కొట్టాలి, పెద్ద వాన పడితే తెరిపివ్వగానే ఇంకోసారి. ఇంతా చేస్తే అసలు చిక్కు చిక్కుడుతోనే. ఈ రోజు మందు కొట్టిన తీగ రేపు కొత్త చిగురు వేస్తుంది, దాని మీద మందు ఉండదు. జింకకి కావాల్సింది ఆ చిగురే. పోనీ రోజూ కొడదామంటే, కాయ మీద పచ్చి గుడ్డు పడ్డ చిక్కుడు తినేది మనం. గుడ్డునీళ్లు ఆ పండ్ల మొక్కలకి, అదీ కాపుకి రానంతవరకు సరే. చిక్కుడుకి వద్దు.

బాబాయ్: దానికి మిరపకాయ కషాయం ఉందిగా.

శారద: గుడ్డు వాసనతో దూరం పెడుతుంది. కారం నోట్లో పడితే గానీ తెలియదు. చిక్కుడుకి ఒక ఆకు పోతే పోయింది. ఏడాది మొక్కకి తల చిగురు ఒక్కటే, రుచి చూడటంలోనే అది పోతుంది.

బాబాయ్: ఇంతకీ వచ్చేది జింకలేనా? కుందేళ్లేమో!

శారద: తెగిన కొన చూస్తే తెలుస్తుంది. జింకకి పైదవడలో ముందు పళ్లుండవు. కొమ్మని పట్టుకుని లాగి తెంపుతుంది, కొన పీచుపీచుగా మిగులుతుంది. కుందేలు కొరికితే కత్తితో ఏటవాలుగా కోసినట్టుంటుంది.

బాబాయ్: మడిలో సగం కొనలు నున్నగానే ఉన్నాయి మరి.

శారద: అవి నేలకి జానెడు ఎత్తులోవి. పండ్ల మొక్కల దగ్గర నడుమెత్తులో చూడు.

బాబాయ్: అంటే రెండూ వస్తున్నాయి. నీ పెద్ద కంచె కన్నాల్లోంచి కుందేలు దర్జాగా దూరుతుంది!

శారద: దూరుతుంది. అందుకే కింద రెండడుగుల మేర సన్న కన్నాల కోళ్ల జాలీ కలిపి కట్టి, దాని అంచు మట్టిలో పూడ్చాలి. ఇప్పుడు అడిగింది మంచి ప్రశ్న.

బాబాయ్: ఇంత హంగామా దేనికి? ఆ చివర మొక్కజొన్న గింజలు, ఉప్పుగడ్డ పెట్టు. కడుపు నిండితే ఇటు రావు.

శారద: అది మాత్రం చేయకు బాబాయ్! ఆకులూ కొమ్మలూ మేసే కడుపులో గింజ ఒక్కసారిగా పడితే లోపల ఆమ్లం పెరుగుతుంది, జింక చచ్చిపోవచ్చు కూడా. అన్నీ ఒకేచోట మూతులు పెడితే రోగాలు ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంటాయి. మేత పెట్టినచోటికి నాలుగొచ్చేవి పది వస్తాయి, తినేసి దారిలో నీ చిక్కుడు కూడా రుచి చూస్తాయి.

బాబాయ్: సరే, ఇక నా వంతు. నీ కంచె 8 అడుగులు ఉండాలి, లేకపోతే దూకేస్తుంది. అంత ఎత్తుకి స్తంభాలు, లాగి కట్టే తీగలు, మూలకి ఊతాలు, ఖర్చు ఎంతో చెప్పవేం? చవగ్గా అవుతుందని ప్లాస్టిక్ వల కడితే కొమ్ములు చిక్కుకుని గింజుకుంటుంది. గేటు ఒక్క రాత్రి తెరిచి ఉంటే లోపలికొచ్చిన జింకకి బయటి దారి తెలీక కంచెకే గుద్దుకుంటుంది. నీ తోటలోకి రానిది పక్కవాడి తోటలో పడుతుంది. వాడికేం చెబుతావ్?

శారద: పక్క తోట మాటకి నా దగ్గర జవాబు లేదు. వల విషయంలో నువ్వన్నది నిజం, వదులుగా వేలాడే వల కంటే అసలు కట్టకపోవడం మేలు. ఖర్చుకైతే దారి ఉంది. నాలుగైదు అడుగుల కంచెలు రెండు, మధ్య నాలుగడుగుల ఎడంతో కట్టు. ఎత్తూ వెడల్పూ ఒకేసారి దాటడానికి జింక జంకుతుంది, మధ్యలో దిగడానికి చోటు చాలదు. లేదంటే కరెంటు తీగ. ఇంటి కరెంటు నేరుగా కలిపితే మనుషులే పోతారు, ఎనర్జైజర్, అంటే కరెంటుని చిన్న చిన్న ఝలక్‌లుగా తీగలోకి పంపే పెట్టె, ఉండి తీరాలి. తీగకి అక్కడక్కడా అల్యూమినియం రేకు మడిచి, దానికి వేరుశనగ ముద్ద పూయాలి. జింక వాసన పట్టి వచ్చి నాలుక పెడుతుంది, ఝలక్ తగులుతుంది. దళసరి బొచ్చు మీద తీగ తగిలితే అంతగా తెలియదు. మూతికి తగలాలి.

బాబాయ్: అంటే చివరికి నువ్వూ వాసననే నమ్ముకున్నావ్!

శారద: రప్పించడానికి. ఆపేది తీగే.

బాబాయ్: స్తంభాలొచ్చేదాకా పండ్ల మొక్కలకి గుడ్డునీళ్లు కొడతా, అడ్డం చెప్పకు.

శారద: కొట్టు. కొమ్ములు రుద్దితే బెరడు లేచిపోతుంది, దానికి ఏ వాసనా అడ్డు రాదు, మొదళ్లకి జాలీ గొట్టాలు కూడా చుట్టు, నాలుగైదు అడుగుల ఎత్తు దాకా. గుడ్లు మాత్రం వంటింట్లో గిలక్కొట్టకు.

బాబాయ్: పెరట్లోనే. వడగట్టే గుడ్డ మాత్రం నువ్వివ్వు.