రిఫండ్ డబ్బు, కొత్త పిస్టల్: మధ్యలో ఉండాల్సిన వ్యవధి

అమెరికాలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ట్యాక్స్ రిఫండ్‌ల కాలం. పన్నుల శాఖ ఐఆర్ఎస్ పంపే రిఫండ్ సగటున 3,000 డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. టీవీలు, సోఫాలు, పాత కార్లు అమ్మేవాళ్లతో పాటు తుపాకుల దుకాణాలు కూడా ఈ డబ్బు మీద ఆశ పెట్టుకుంటాయి. ‘ట్యాక్స్ రిఫండ్ సేల్’ అని బోర్డులు పెడతాయి. పేరున్న కంపెనీ పిస్టల్ 500, 600 డాలర్లకు వస్తుంది. అది కొన్నాక కూడా రిఫండ్‌లో చాలా భాగం మిగులుతుంది. కొనేవాడికి చేయి కాలినట్టు అనిపించదు. నా ఆందోళనంతా అక్కడే మొదలవుతుంది.

రిఫండ్ అంటే ప్రభుత్వం ఇచ్చే కానుక అనుకుంటాం. ఎక్కువమంది విషయంలో అది ఏడాది పొడవునా జీతంలోంచి అవసరానికి మించి కోయించుకున్న సొంత డబ్బే. జీతంలోంచి ఎంత పన్ను కోయాలో చెప్పేందుకు కంపెనీకి ఇచ్చే డబ్ల్యూ-4 ఫారం సరిగ్గా నింపితే ఆ సొమ్ము నెలనెలా చేతికే వచ్చేది. కానీ ఒకేసారి ఖాతాలో పడేసరికి మనసు దాన్ని ఊరికే వచ్చిన డబ్బుగా లెక్క రాసుకుంటుంది. మనిషి తన డబ్బును వేర్వేరు ఖాతాలుగా విడగొట్టుకుని, ఒక్కో ఖాతాను ఒక్కోలా ఖర్చు చేస్తాడని వివరించిన రిచర్డ్ థేలర్‌కు 2017లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. జీతం డబ్బైతే పదిసార్లు ఆలోచించి మానుకునే వస్తువును రిఫండ్ డబ్బుతో ఒక్క మధ్యాహ్నంలో కొనేస్తాం. టీవీ అయితే నష్టం డబ్బుతో పోతుంది.

దీనికి రెండో వైపూ ఉంది. తక్కువ జీతాల కుటుంబాలకు ఏడాదిలో పెద్ద మొత్తం కళ్లజూసేది ఈ ఒక్కసారే. ముగ్గురు పిల్లలున్న ఇంటికి ఎర్న్‌డ్ ఇన్‌కమ్ ట్యాక్స్ క్రెడిట్ అనే పన్ను రాయితీ కిందే గరిష్ఠంగా 7,000 డాలర్లకు పైగా రావచ్చు. బాకీ పడ్డ అద్దె, కారు రిపేరు, పంటి వైద్యం అన్నీ దాని కోసమే ఆగి ఉంటాయి. రాత్రి షిఫ్ట్ చేసి, దొంగతనాలు ఎక్కువైన వీధికి ఒంటరిగా తిరిగివచ్చే ఆడమనిషి ఆ డబ్బుతో పిస్టల్ కొనాలనుకుంటే ఆమె భయాన్ని తేలిగ్గా తీసేసే హక్కు ఎవరికీ లేదు. ఇంట్లో ఆత్మరక్షణకు హ్యాండ్‌గన్ ఉంచుకోవడం రాజ్యాంగ హక్కని అమెరికా సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ కేసులో చెప్పింది కూడా. ప్యూ రీసెర్చ్ అనే పరిశోధన సంస్థ 2023 సర్వేలో తుపాకీ ఉన్నవారిలో 72 శాతం మంది రక్షణే తమ ముఖ్య కారణమన్నారు.

ఆ రక్షణ ఎంత దొరుకుతోందో చూద్దాం. ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కల ప్రకారం 2023లో అమెరికాలో తుపాకులతో చనిపోయినవారు 46,000 మందికి పైనే. వారిలో 27,000 మందికి పైగా ఆత్మహత్య చేసుకున్నవారు. అంటే సగానికి మించి. కాలిఫోర్నియాలో 2.6 కోట్ల మంది వయోజనుల వివరాలను పన్నెండేళ్ల పాటు పరిశీలించిన స్టాన్‌ఫర్డ్ బృందం అధ్యయనం 2020లో వచ్చింది. సొంత హ్యాండ్‌గన్ లేనివారితో పోలిస్తే, ఉన్న మగవాళ్లు తుపాకీతో ఆత్మహత్య చేసుకునే ప్రమాదం దాదాపు 8 రెట్లు, ఆడవాళ్లకు 35 రెట్లు ఎక్కువని తేలింది. మొదటి పిస్టల్ కొన్న వెంటనే వచ్చే రోజుల్లో ఆ ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువ. అలాగని తర్వాత పోదు. సగం మరణాలు కొన్న ఏడాది దాటాకే జరిగాయి. ఆ సమాచారంతోనే 2022లో వచ్చిన మరో అధ్యయనం ఇంకా బాధ కలిగిస్తుంది. హ్యాండ్‌గన్ ఉన్నవారితో కలిసి బతికేవాళ్లు హత్యకు గురయ్యే ప్రమాదం, తుపాకీ లేని ఇళ్లవారితో పోలిస్తే, రెండు రెట్లకు పైగా ఉంది. ఇంట్లోనే భర్త లేదా భార్య చేతిలో కాల్పులకు బలైనవారిలో అత్యధికులు స్త్రీలు. దొంగ కోసమని కొన్న పిస్టల్ ముందుగా ఇంట్లోవాళ్లకే దగ్గరవుతోంది. ప్రాణాంతకమైన ఆవేశం చాలాసార్లు గంటల్లో చల్లారిపోతుంది. మింగిన మాత్రలకు ఆసుపత్రిలో విరుగుడు ఉండొచ్చు. తుపాకీతో ప్రయత్నించిన పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది దక్కడం లేదు.

అందుకే డబ్బు చేతికి వచ్చిన రోజుకూ పిస్టల్ చేతికి వచ్చే రోజుకూ మధ్య వ్యవధి ఉండాలంటున్నాను. ఫెడరల్ చట్టంలో అలాంటి గడువు లేదు. లైసెన్సున్న దుకాణంలో 21 ఏళ్లు నిండినవారు తుపాకీ కొనుగోలుకు కావాల్సిన 4473 ఫారం నింపితే, వారి నేపథ్యంపై ఎఫ్‌బీఐ తనిఖీ చాలాసార్లు నిమిషాల్లో ముగుస్తుంది. ఏటా ఈ తనిఖీలు జోరుగా సాగే నెలల్లో మార్చి ఒకటి. 2021 మార్చిలోనైతే 46 లక్షలు దాటి రికార్డయింది. రిఫండ్‌లకు తోడు మనిషికి 1,400 డాలర్ల కోవిడ్ సాయం ఖాతాల్లో పడ్డ నెల అది. డబ్బు ఒక్కటే కారణమని అనను. కోవిడ్ కాలపు భయాలు, చట్టాలు బిగుస్తాయన్న అనుమానం కూడా ఉన్నాయి. అయితే భయం, డబ్బు ఒకే నెలలో కలిస్తే ఆలోచనకు చోటు ఉండదు. కాలిఫోర్నియాలో పది రోజులు, ఇల్లినాయిస్‌లో 72 గంటలు ఆగాలి. ఇలాంటి నిరీక్షణ చట్టాలతో తుపాకీ హత్యలు సుమారు 17 శాతం తగ్గాయని 2017లో ఒక పరిశోధన తేల్చింది. రిఫండ్ కోసం ఫిబ్రవరి దాకా ఆగగలిగినవాళ్లకు ఇంకో పది రోజులు భారం కాకూడదు. నిజంగా తరుముకొస్తున్న ముప్పు ఉన్నవారికి ఆగడం కష్టమే, ఒప్పుకుంటాను. వారికోసం సడలింపు పెట్టవచ్చు. అందరికీ గడువే వద్దనడానికి అది కారణం కాదు.

ఇది మన ఇళ్ల సంగతి కూడా. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేథాలో తెలుగు ఇంజనీరు జాతివిద్వేషానికి బలైనప్పటి నుంచి, గ్యాస్ స్టేషన్లలో పార్ట్‌టైమ్ చేసే మన పిల్లలపై కాల్పుల వార్త వచ్చిన ప్రతిసారీ, ‘మనమూ ఒకటి కొనుక్కుందామా’ అన్న మాట మనవాళ్ల మధ్య వినిపిస్తూనే ఉంది. ఎఫ్-1, హెచ్-1బీ వీసాలపై ఉన్నవాళ్లు తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. 2024 నవంబరులో తెలంగాణ విద్యార్థి ఒకరు వేట తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి ప్రాణం పోగొట్టుకున్నారు. గ్రీన్‌కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవారికి కొనే హక్కు ఉంది. కానీ మన ఇళ్లలో ఒకరు సిటిజన్ అయితే మరొకరు ఇంకా వీసాపైనే ఉంటారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉంటారు. బీరువాలో, మంచం పక్క సొరుగులో పెట్టిన పిస్టల్ ఎవరి చేతికైనా అందుతుంది. లేఆఫ్ అయి నిద్రపట్టని మనిషి చేతికి కూడా. 2020 నుంచి అమెరికాలో పిల్లల, టీనేజర్ల మరణాలకు మొదటి కారణం తుపాకులే.

అన్నీ ఆలోచించాకా కొనాలనే నిర్ణయించుకుంటే, ఆ రిఫండ్‌లోంచే తాళంపెట్టెకూ, శిక్షణకూ ముందు డబ్బు తీయాలి. పిస్టల్ ఖాళీ చేసి తాళం వేయాలి, తూటాలు వేరే చోట తాళంలో ఉంచాలి. ఇంట్లో ఎవరైనా కుంగిపోయి ఉన్నారనిపిస్తే కొనుగోలు వాయిదా వేయాలి, ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవారికి సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయాలి. మన తెలుగు సంఘాలు ట్యాక్స్ సీజన్‌లో సీపీఏలను (పన్ను లెక్కలు చూసే అకౌంటెంట్లను) పిలిచి సదస్సులు పెడుతుంటాయి. అందులో ఒక అరగంట దీనికి ఇవ్వాలని అడుగుతున్నాను. పిల్లల్ని ఆటకో, స్లీపోవర్‌కో పంపేముందు ‘మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళంలో ఉందా’ అని అడగమని అమెరికా పిల్లల వైద్యులు చెబుతున్నారు. మన బంధువుల ఇంటికి పంపేటప్పుడు కూడా మొహమాటపడకుండా అడగాలి.