కాటుక కళ్ల కమిటీ

చెన్నై టీ నగర్‌లో మన తెలుగువాళ్ల సాంస్కృతిక సంఘం ఒకటి, ముస్లిం మహిళల గురించి జనంలో పాతుకుపోయిన అపోహలను కళ ద్వారా బద్దలు కొట్టాలని ఈమధ్య నిశ్చయించుకుంది. అపోహల అదృష్టం బాగుండి, ఆ పని కమిటీకి అప్పజెప్పారు.

వాట్సాప్‌లో ఆహ్వానం వచ్చింది. నల్లటి గుడ్డ, మధ్యలో సందు, సందులో రెండు కళ్లు, మూరెడు కాటుక. పక్కన పంజరం, దాని తలుపు సగమే తెరిచి ఉంది. పూర్తిగా తెరిస్తే పిట్ట ఎగిరిపోయి వచ్చే ఏడాదికి దొరకదని కాబోలు. పాడే అమ్మాయి పేరు కూడా ఉంది, జూమ్ చేస్తే. పట్టుచీరల షాపుకీ క్యాటరింగ్ ఆయన ఫోన్ నంబరుకీ మధ్య ఇరుక్కుని ఉంది.

ఆ కళ్లు మీకూ తెలుసు. నవలల అట్టల మీదా, సెమినార్ బ్యానర్ల మీదా అవే. ఇన్నేళ్లలో వాటికి ఒక ముక్కు ఇద్దామని ఎవరికీ తోచలేదు.

కమిటీ మీటింగ్ ఎలా జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

"అమ్మాయి ఫొటో పంపింది సార్. నవ్వుతోంది."

"నవ్వితే ఎలాగయ్యా? బాధేదీ?"

"కళ్లజోడు కూడా ఉంది సార్."

"తీసేసి కాటుక పెట్టు."

"బురఖా వేసుకోదట."

"వేసుకోకపోతే మనం విముక్తి చేసేదేముంది? సరే, ఏం పాడుతుందిట?"

"కల్యాణిలో త్యాగరాజ కృతి."

"అది మా మనవరాలూ పాడుతుంది. ఖవ్వాలీ పాడమను."

"వాళ్లది ఒంగోలు సార్, ఖవ్వాలీ రాదంది."

"ఇంకా వారం టైముందిగా, నేర్చుకోమను."

ఒంగోలు దగ్గర కరవది నుంచే నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా శ్రీరంగం వెళ్లి స్థిరపడ్డారు. ఆయన శిష్యురాలు కాలీషాబీ మెహబూబ్ భర్తతో కలిసి గుళ్లలో నాదస్వరం వాయిస్తారు. 2020లో ఇద్దరికీ పద్మశ్రీ ప్రకటించారు. ఆవిడని పోస్టర్ మీద వేయడం మాత్రం కష్టమే. ఆ నల్లగుడ్డ సందులో నాదస్వరం పట్టదు.

నస్రీన్ మొహమెదీ ఇంకా ఇబ్బంది. బరోడాలో పాఠాలు చెప్పిన ఆ చిత్రకారిణి కాగితం మీద సన్నటి గీతలు గీస్తూ పోయింది. 2016లో న్యూయార్క్ మెట్ మ్యూజియం 'మెట్ బ్రాయర్' అనే తన కొత్త శాఖను తెరిచినప్పుడు తొలి ప్రదర్శనల్లో ఆవిడ గీతలున్నాయి. మా కమిటీ చూస్తే ఒకటే అడుగుతుంది: "ఇవి జైలు చువ్వలేనా?"

అసలు ఈ ఊళ్లోనే, 1905లో, కమలా సత్యనాథన్ అనే తెలుగింటి ఆవిడ నడిపిన పత్రికలో బెంగాల్ నుంచి రచయిత్రి రొకేయా హుసేన్ 'సుల్తానాస్ డ్రీమ్' కథ రాసింది. అందులో మగవాళ్లంతా ఇంట్లో పరదా వెనక ఉంటారు, ఆడవాళ్లు సూర్యరశ్మితో వంట చేసుకుంటూ దేశం నడుపుతారు. ఆ కథలో కమిటీలు లేవు.

ఇక ప్రోగ్రాం. అమ్మాయి పాడింది, బాగా పాడింది. వ్యాఖ్యాత మైకు తీసుకుని గురువెవరని అడగలేదు, ఎన్నేళ్ల సాధన అని అడగలేదు. "మీ ఇంట్లో ఒప్పుకున్నారామ్మా?" అన్నాడు. హాలంతా చప్పట్లు. ఒప్పుకోని నాన్నలు లేరనను. కానీ పెళ్లవగానే వీణ అటకెక్కించిన ఇళ్లు మన వీధిలో ఎన్ని లేవు? ఆ ఇళ్ల ముందు పంజరం బొమ్మ వేసిన మొనగాడు ఒక్కడున్నాడా?

ముందు వరసలో కళ్లు తుడుచుకున్న పెద్దమనిషికి వెస్ట్ మాంబళంలో రెండు ఫ్లాట్లున్నాయి. ఇలాంటి అమ్మాయే సంగీతం నేర్చుకోవడానికి ఈ ఊరొచ్చి ఆయన గేటు ముందు నిలబడితే, పేరు వినేదాకా ఇల్లు ఖాళీ. పేరు వినగానే "నిన్ననే ఇచ్చేశామమ్మా." టూలెట్ బోర్డు మాత్రం తలుపుకి అలాగే వేలాడుతుంటుంది. ఈ మనిషా సంకెళ్ల గురించి కన్నీళ్లు పెట్టుకునేది! కొంచెమైనా సిగ్గుండక్కర్లేదా? ఆ పిల్లని ఇంట్లో ఎవరాపారో ఆరా తీస్తారు, గేటు దగ్గర ఆపింది తామేనని తెలిసీ.

పోస్టర్లు తర్వాత వేయించుకోవచ్చు, ముందు ఇల్లు ఇవ్వండి. అందరి దగ్గరా గుంజినట్టే పది నెలల అడ్వాన్స్ ఆమె దగ్గరా గుంజండి, ఎవరూ కాదనరు.