కృష్ణ పదార్థం ఇక ఊహ కాదు

చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ పలకను పాలిష్ పట్టి ఎండలో నిలబెడితే ముందుగా కంటపడేవి బంగారు చుక్కలే అయినా, పలక బరువంతా వాటిని పొదువుకున్న నల్లరాయిదే. గెలాక్సీ సమూహాల సంగతీ అంతే. కోమా సమూహంలోని గెలాక్సీల వేగానికి కనిపించే పదార్థం చాలదని 1933లోనే ఖగోళ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ జ్వికీ తేల్చినా, వెలుగునివ్వక, గురుత్వాకర్షణతోనే ఉనికి చాటే కృష్ణ పదార్థం లెక్క కుదరక కల్పించుకున్న ఊహేనన్న మాట నేటికీ వినిపిస్తూనే ఉంది. ఆ మాటకు కాలం చెల్లింది.

సమూహానికి వెనుక, ఎంతో దూరాన ఉన్న గెలాక్సీల వెలుగు దాని గురుత్వాకర్షణకు వంగి మనల్ని చేరుతుంది. కేంద్రానికి దగ్గరగా వచ్చిన వెలుగు ఏబెల్ 370 అనే సమూహంలో మాదిరిగా పొడవాటి చాపాలుగా సాగుతుంది. ఎడంగా వచ్చినదానిలో మార్పు నూటికి ఒక వంతు ఉంటే గొప్ప. పైగా గెలాక్సీలు సహజంగానే కోలగా ఉంటాయి కనుక, ఒక్కదాన్ని చూసి ఏమీ చెప్పలేం. వేల గెలాక్సీల ఆకారాలు కొలిచి సగటు తీసినప్పుడు మాత్రం, సహజమైన వంకరలు ఒకదానినొకటి కొట్టేసుకుని, సమూహం కలిగించిన సాగుదల మిగులుతుంది. దాని ఆధారంగా బరువు ఎక్కడ ఎంత ఉందో పటం గీస్తారు. ఆ బరువు వెలుగునిస్తుందా లేదా అన్న ప్రశ్నతో ఈ పద్ధతికి పనే లేదు.

రెండు సమూహాలు ఢీకొని ఏర్పడిన బుల్లెట్ సమూహాన్ని చూడండి. అక్కడ నక్షత్రాలకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్న వేడి వాయువు, ఒరుసుకుని వేగం తగ్గి మధ్యలో నిలిచిపోయిందని చంద్రా అంతరిక్ష దూరదర్శిని తీసిన ఎక్స్ కిరణ చిత్రాలు చూపాయి. గెలాక్సీలు మాత్రం ఒకదాన్నొకటి దాటిపోయాయి. కనిపించే పదార్థమే సర్వస్వమైతే బరువు వాయువు దగ్గర ఉండాలి. వెలుగు వంపును కొలిచి గీయగా 2006లో వెలువడిన పటంలో అది గెలాక్సీల వైపు, రెండు కుప్పలుగా తేలింది.

గురుత్వ సూత్రాన్నే సవరించాలని 1983లో భౌతిక శాస్త్రవేత్త మిల్‌గ్రోమ్ చేసిన ప్రతిపాదన సర్పిల గెలాక్సీల భ్రమణాన్ని చక్కగా వివరిస్తుందన్నది నిజమే. కానీ సమూహాల దగ్గరికి వచ్చేసరికి ఆ సిద్ధాంతానికీ కనిపించని పదార్థం కొంత కావలసివస్తోంది.

నన్ను బాధించేది వేరొకటి. హబుల్ చిత్రాల భాండాగారం అందరికీ ఉచితంగా తెరిచే ఉంది, 2023 జులైలో నింగికెగసిన యూక్లిడ్ అంతరిక్ష దూరదర్శిని సమాచారమూ విడతలుగా అందుతోంది. సగటు తీయడం తెలిసి, ఒక కంప్యూటర్ ఉంటే నెల్లూరు, ఒంగోలు డిగ్రీ విద్యార్థులు ఈ పనికి శ్రీకారం చుట్టవచ్చు. మన ప్రయోగశాల రికార్డులో కుంభాకార కటకపు నాభ్యంతరం కనుక్కునే ప్రయోగం పక్కన, ఏబెల్ 370 చాపాన్ని కొలిచి సమూహపు బరువు అంచనా వేసే ప్రయోగం ఒకటి వచ్చే విద్యా సంవత్సరంలోనే చేర్చాలి.